14 లక్షలు, అయిదు బండ్లు

నిరుడు దసరాకు కొద్దిరోజుల ముందు నా పాత కారును మా తమ్ముడికి అప్పగించే సమయానికి నా దగ్గర 14 లక్షల రూపాయలు ఉన్నాయి. నాలుగేళ్లుగా నెలనెలా పక్కన పెడుతూ వచ్చిన సొమ్ము అది. బండి ఖరీదు, పేరు మార్పిడి, బీమా, అవసరమైతే కొత్త టైర్లు, మొదటి ఏడాదిలో రాగల మరమ్మతులు అన్నీ ఆ మొత్తంలోనే ఇమడాలని, అప్పు మాత్రం చేయకూడదని నేనూ మా ఆవిడా ముందే ఒక మాట అనుకున్నాం. ఇరవై ఏళ్లుగా బండ్ల మీద ఇష్టం పెంచుకున్నవాడిని కాబట్టి ఆఫీసుకు చేర్చే బండి దొరికితే చాలని నేను అనుకోలేను. మలుపులో ముందు చక్రాలు ఏం చేస్తున్నాయో చేతికి తెలియాలి, లారీని దాటవలసి వచ్చినప్పుడు కాలు నొక్కిన మరుక్షణం బండి కదలాలి, గేరు నేనే వేసుకోవాలి. ఆరు వారాలు తిరిగి, నడిపి, లెక్కలు కట్టి, చివరికి ఒకటి కొన్నాను. ఆ ఆరు వారాల్లో తెలుసుకున్నది నాలాంటి కోరికా, నాలాంటి జేబూ ఉన్న ఇంకొకరికి పనికి రావచ్చని రాస్తున్నాను.

మన దేశంలో ఈ ధరలో వేగమైన బండి ఎందుకు దొరకదో ముందు చెప్పాలి. 2006 బడ్జెట్‌లో చిన్న కారు అంటే ఏమిటో ప్రభుత్వం నిర్వచించింది: పొడవు నాలుగు మీటర్లకు మించకూడదు, పెట్రోలు ఇంజిను 1200 సీసీ దాటకూడదు. ఆ గీత లోపల ఉంటే పన్ను తక్కువ, దాటితే ఎక్కువ. 2025 సెప్టెంబరు 22న మారిన జీఎస్టీలో కూడా ఆ గీత అలాగే ఉంది. లోపలున్న బండికి 18 శాతం, బయటున్నదానికి 40 శాతం. అందుకే 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ 1197 సీసీ, 2017లో వచ్చిన బలెనో ఆర్‌ఎస్ 998 సీసీ, 2021లో వచ్చిన ఐ20 ఎన్ లైన్ 998 సీసీ, 2024లో వచ్చిన ఆల్ట్రోజ్ రేసర్ 1199 సీసీ. వీటన్నిటికీ ఇంజిను బలం పెంచే టర్బో ఉన్నా వంద, నూటఇరవై పీఎస్‌ల (హార్స్‌పవర్‌కు దగ్గరి కొలత) మధ్యనే పవర్ ఆగిపోతుంది. గీత దాటి వచ్చిన చిన్న బండ్లు ఖరీదైపోయి, కొన్నేళ్లకే మాయమయ్యాయి. కాబట్టి నా డబ్బుకు రెండే దారులున్నాయి: కొత్తగా చిన్న ఇంజిను బండి కొనడం, లేదా పెద్ద ఇంజినున్న బండిని సెకండ్ హ్యాండ్‌లో వెతకడం.

నా మనసు మొదట స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230 మీదికే పోయింది. 2017లో 24.62 లక్షల ధరకు వచ్చిన ఆ బండిలో రెండు లీటర్ల టర్బో ఇంజిను 230 పీఎస్ పవర్‌ను, 350 న్యూటన్ మీటర్ల టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఇస్తుంది. అయిదుగురు కూర్చోవచ్చు, డిక్కీలో నెల సరుకులు పడతాయి, వంద కిలోమీటర్ల వేగాన్ని ఏడు సెకన్ల లోపే అందుకుంటుంది. నేను చూసిన బండి యజమాని 19 లక్షలు అడిగాడు. ఆ బండి దానికి తగినదే. అంత శ్రద్ధగా చూసుకున్న బండి నాకు అరుదుగా కనబడింది. తేడా సొమ్ముకు అప్పు తీసుకుంటే నెలకు ఎంత పడుతుందో ఆ రాత్రే లెక్క వేశాను. కానీ వెనక్కి తగ్గడానికి కారణం అప్పు ఒక్కటే కాదు. సెకండ్ హ్యాండ్‌లో బండి ధర తగ్గుతుంది గానీ, దాని సామాను ధర తగ్గదు. పాతిక లక్షల బండిని సగం ధరకు కొన్నా, బ్రేకు డిస్కులు, షాక్ అబ్జార్బర్లు, హెడ్‌లైట్లు పాతిక లక్షల బండి ధరలోనే వస్తాయి. వీఆర్‌ఎస్‌లోని ఆరు గేర్ల డీఎస్‌జీకి, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తానే మార్చుకునే గేర్‌బాక్సుకు, ప్రతి 60 వేల కిలోమీటర్లకు ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. దానికి తోడు అయిదారేళ్లు దాటిన బండికి జీరో డిప్రిసియేషన్ బీమా దొరకడం కష్టం, అంటే చిన్న ఢీకి కూడా సామాను ఖర్చులో పెద్ద భాగం మన జేబులోంచే పోతుంది. కొనగలిగి కూడా నడపడానికి భయపడే బండి నాకు వద్దనుకున్నాను.

తర్వాత ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ. 2016 నవంబరులో 25.65 లక్షలకు 99 బండ్లు మాత్రమే తెచ్చి అమ్మిన బండి ఇది. 1.8 లీటర్ల ఇంజిను, 192 పీఎస్, మూడు తలుపులు. ఇంతకంటే అందమైన చిన్న బండి మన రోడ్ల మీద అరుదు. దాని గేర్‌బాక్సు గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్‌లో పెర్ఫార్మెన్స్ బండి కొనేవారు ఇంజిను కంటే ముందు అడగవలసింది గేర్‌బాక్సు గురించే. ఇదే ఇంజిను విదేశాల్లో మాన్యువల్ గేర్‌బాక్సుతో 320 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. మనకు వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ తట్టుకోగలిగేది 250 కాబట్టి ఇక్కడ అక్కడికే కట్టడి చేశారు. ఈ ఏడు గేర్ల రకంలో క్లచ్ ప్లేట్లు పొడిగా ఉంటాయి. ఆక్టేవియా వీఆర్‌ఎస్‌లోని ఆరు గేర్ల రకంలో అవి ఆయిల్లో మునిగి ఉంటాయి కాబట్టి వేడి ఆయిల్లోకి పోతుంది. పొడి క్లచ్‌కు ఆ వసతి లేదు. సాయంత్రం వేళ హైటెక్ సిటీలో అడుగడుగూ పాకే ట్రాఫిక్‌లో ప్లేట్లు సగం పట్టి సగం వదులుతూ వేడెక్కుతూనే ఉంటాయి. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల బండ్లలో ఈ గేర్‌బాక్సుల సింథటిక్ ఆయిల్‌ను తీయించి మినరల్ ఆయిల్ పోయించింది. జీటీఐ ఆ తర్వాత వచ్చిందే కాబట్టి ఆ ఆయిల్ భయం దీనికి వర్తించదు, కానీ వేడి సంగతి ఆయిల్ మారితే పోయేది కాదు. రోజూ ఇరవై కిలోమీటర్ల ట్రాఫిక్‌లో పాకే నాకు అది సరిపడదని తేల్చుకున్నాను. పైగా నెలకోసారి సూర్యాపేట నుంచి మా నాన్నను తీసుకురావాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ముందు సీటు వంచి వెనక్కి ఎక్కమనడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు అబార్త్ పుంటో దగ్గరికి వస్తాను. నేను ఎక్కువసేపు ఆలోచించిందీ, ఇప్పటికీ ఆలోచిస్తున్నదీ దీని గురించే. 2015 అక్టోబరులో ఫియట్ దీన్ని 9.95 లక్షలకు విడుదల చేసినప్పుడు పది లక్షల లోపు 145 పీఎస్ ఇచ్చే బండి మన దేశంలో ఇంకొకటి లేదు. 1.4 లీటర్ల టీ-జెట్ టర్బో ఇంజిను, 212 న్యూటన్ మీటర్ల టార్క్, అయిదు గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. మామూలు పుంటో కంటే కిందికి దించి, గ్రౌండ్ క్లియరెన్స్‌ను 155 మిల్లీమీటర్లకు తెచ్చారు. నాకు బండి చూపించినాయన దాన్ని కొత్తగా కొన్న మొదటి యజమాని. తాళం నా చేతికిచ్చి, ఆదివారం తెల్లవారుజామున వికారాబాద్ అనంతగిరి కొండల దాకా నన్నే నడపమన్నాడు. రెండు వేల ఆర్‌పీఎమ్ దాకా ఆ ఇంజిను ఏమీ చెప్పదు, ఆ తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. ఇప్పటి కార్లలో దాదాపు అన్నిటికీ ఎలక్ట్రిక్ స్టీరింగే ఉంటుంది. దీనిది పాతకాలపు హైడ్రాలిక్ స్టీరింగు. మలుపులో రోడ్డు మీద గరుకు మారితే ఆ మార్పు అరచేతుల్లోకి వచ్చింది. ఘాట్‌లో మూడో గేరులో ఎక్కుతున్నప్పుడు నాకు కలిగిన సంతోషం మిగిలిన నాలుగు బండ్లలో ఏదీ ఇవ్వలేదు. ఆయన అడిగింది ఆరున్నర లక్షలు. నా డబ్బులో సగానికి పైగా మిగిలిపోతుంది.

ఆ మిగిలే డబ్బును చూసే నేను దాదాపు ఒప్పుకున్నాను. బండిని పదేళ్లుగా నాకు పరిచయమున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, లిఫ్ట్ మీదికెక్కించి గంటసేపు చూసి, "అన్నా, ఇంజిన్‌కు ఢోకా లేదు, సామాను దొరకుడే కష్టం" అన్నాడు. ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం ఆపేసి ఏళ్లు గడిచాయి. ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజినును మారుతి, టాటా కూడా వాడుకున్నాయి కాబట్టి దాని సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. టీ-జెట్‌కు ఆ అదృష్టం లేదు. లీనియా టీ-జెట్ లాంటి ఒకటి రెండు తప్ప ఇక్కడ దానికి చెప్పుకోదగ్గ తోబుట్టువు లేదు, ఆ బండ్లూ తక్కువే. పదేళ్లు నిండాయి కాబట్టి కిలోమీటర్లతో సంబంధం లేకుండా టైమింగ్ బెల్టు మార్చాలి, రబ్బరు బుష్‌లు మార్చాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ కాలపు బండి గొట్టాలూ సీళ్లూ దానికోసం తయారైనవి కావు. ఇంట్లో ఇంకో బండి ఉంటే, ఇది నెల రోజులు సామాను కోసం షెడ్డులో నిలబడినా ఫరవాలేదనుకోగలిగితే, నేను ఇంకేదీ చూసేవాడిని కాదు. మా ఇంట్లో ఉన్నది ఒక్క బండికే చోటు. ఆయనకు ఫోన్ చేసి కాదని చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఐ20 ఎన్ లైన్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 120 పీఎస్, ఆరు గేర్ల మాన్యువల్, తగ్గిన పన్ను, కొత్త బండి వారంటీ. దేనికీ భయపడక్కర్లేదు, నగరంలో చురుకుగా ఉంటుంది. హైవే మీద నలుగురితో, ఏసీతో, అయిదో గేరులో లారీని దాటబోతే మాత్రం మూడు సిలిండర్ల ఇంజిను బలం కోసం వెతుక్కుంటుంది.

ఈ మధ్యలో చూసి వదిలేసిన బండ్లు మరో ఏడెనిమిది ఉన్నాయి. వాటిలో ఒకదాని ముందు టైర్లు ఒక కంపెనీవి, వెనుకవి ఇంకొకటివి. ఇంకొక బండికి ఈసీయూ రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిను కంప్యూటరులో మార్పులు) చేయించి, అమ్మే ముందు మామూలుగా మార్పించారు. ఆ సంగతి అమ్మే మనిషి చెప్పలేదు, స్కానర్ పెట్టినప్పుడు తెలిసింది. రీమ్యాప్ తప్పని నేను అనను, కానీ పెరిగిన టార్క్‌ను ఎన్నాళ్లు క్లచ్, గేర్‌బాక్సు మోశాయో తెలియకుండా కొనకూడదు. అందుకే కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ఇంజిను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే మొదటిసారి స్టార్ట్ చేయిస్తాను. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం చూసి, బండి తిరిగిన కిలోమీటర్లతో పోల్చుతాను. సర్వీసు పుస్తకాన్ని నమ్మకుండా, యజమానితో కలిసి కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లి చాసిస్ నంబరు మీద పాత బిల్లులు అడుగుతాను. ఢిల్లీ బండ్లు చౌకగా కనబడతాయి గానీ, అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టిన తర్వాత ఆ చౌకదనంలో చాలా భాగం కరిగిపోతుంది.

చివరికి కొన్నది స్కోడా స్లావియా 1.5 టీఎస్‌ఐ మాన్యువల్, 2023 రెండో సగంలో తయారైనది. 11 లక్షల 80 వేలకు బేరం కుదిరింది. 1498 సీసీ, నాలుగు సిలిండర్లు, 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. ఇదే ఇంజినూ ఇదే గేర్‌బాక్సూ ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లోనూ ఉన్నాయి. రెండూ పుణె దగ్గర చాకణ్‌లోనే తయారవుతాయి కాబట్టి సామాను దొరుకుతుంది, ధరలు కూడా దిగుమతి బండి ధరల్లాంటివి కావు. 2023 ఏప్రిల్ తర్వాతి బండి కాబట్టి ఇప్పటి పెట్రోలుకు సరిపడేలా తయారైంది. నాలుగేళ్ల వారంటీలో నేను కొన్నప్పుడు ఏడాదిన్నరకు పైగా మిగిలే ఉంది. గ్రౌండ్ క్లియరెన్స్ 179 మిల్లీమీటర్లు కాబట్టి మా వీధి స్పీడ్ బ్రేకర్లకు తగలదు. అబార్త్‌కూ దీనికీ పవర్‌లో తేడా అయిదు పీఎస్ మాత్రమే గానీ, ఇది 1600 ఆర్‌పీఎమ్ నుంచే లాగడం మొదలుపెడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. ఈ అయిదు బండ్లలో ఏదైనా ఆ వేగాన్ని సునాయాసంగా అందుకుంటుంది. తేడా తెలిసేది నల్లగొండ వైపు రెండు వరుసల రోడ్ల మీద, 60 నుంచి 100 దాకా ఎంత తొందరగా వెళ్లి మళ్లీ మన వరుసలోకి వచ్చామన్న దగ్గర. ఆ పని ఇది చాలా బాగా చేస్తుంది.

లోపాలు లేవని అనను. స్టీరింగు తేలిక, అబార్త్ చెప్పినన్ని సంగతులు ఇది చెప్పదు. క్లచ్ పెడల్ చాలా పైనుంచి పడుతుంది, ఎడమ కాలికి అలవాటు కావడానికి పది రోజులు పట్టింది. ఇంత పవర్ ఉన్న బండికి వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులే ఇవ్వడం నాకు ఇప్పటికీ నచ్చదు. మామూలు రోడ్డు మీద వాటితో ఇబ్బంది రాలేదు. శ్రీశైలం ఘాట్ దిగుతున్నప్పుడు గేరు తగ్గించి ఇంజిను మీద బరువు వేస్తే బ్రేకులు వేడెక్కలేదు.

బీమా, పేరు మార్పిడి, నాలుగు కొత్త టైర్లు పోగా 60 వేలు మిగిలాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి నడుస్తున్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అనే రేసు ట్రాక్ ఉంది, ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. సొంత బండితో నడపనిచ్చే రోజున అక్కడికి వెళ్లాలని నిర్ణయించుకున్నాను. ముందు ప్యాడ్లూ బ్రేక్ ఫ్లూయిడూ మార్పించాలి. వచ్చే శనివారానికి మెకానిక్‌తో మాట్లాడి పెట్టాను. అబార్త్ యజమానికి కూడా ఫోన్ చేశాను. బండి ఇంకా అమ్మలేదట, ఆయనా వస్తానన్నాడు.