54 ఏళ్ల మారథాన్

మొన్న పది కిలోమీటర్ల రేసులో ఏడో కిలోమీటరు దగ్గర కాళ్లు పట్టేసి ఆగిపోయాను, రోడ్డు పక్కన కూర్చుని షూ లేసులు విప్పుతుంటే ఏడుపొచ్చేసింది. ఆ రాత్రి నిద్రపట్టక పాత మారథాన్ల గురించి చదువుతూ షిజో కనకురి అనే రన్నర్ దగ్గర ఆగిపోయాను.

జపాన్ నుంచి ఓడలో, రైల్లో దాదాపు 18 రోజులు ప్రయాణం చేసి 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. ఆ రోజు ఎండ ఎంత ఘోరంగా ఉందంటే మొదలుపెట్టినవాళ్లలో సగం మంది పూర్తి చేయలేదు, పోర్చుగల్ రన్నర్ ఫ్రాన్సిస్కో లాజరో ఏకంగా ప్రాణాలే పోగొట్టుకున్నాడు. కనకురి కూడా దారిలోనే పడిపోయాడు, ఎవరో ఇంటివాళ్లు చేరదీశారు. నిర్వాహకులకు చెప్పకుండానే వెళ్లిపోవడంతో స్వీడన్‌లో అతను చాలా ఏళ్లు 'తప్పిపోయిన మనిషి'గానే ఉండిపోయాడు.

1967లో స్వీడన్ వాళ్లే ఆ రేసు పూర్తి చేయమని పిలిచారు. 75 ఏళ్ల వయసులో వచ్చి పరుగెత్తి గీత దాటాడు. టైమ్: 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు. ఆ 20.3 దగ్గర నాకు నిజంగా కళ్లు చెమర్చాయి, అన్నేళ్ల తర్వాత కూడా సెకనులో పదో వంతుతో సహా లెక్కగట్టారంటే అతన్ని ఎంత గౌరవించారో కదా!

ఆ మిగిలిన మూడు కిలోమీటర్లు ఆదివారం పొద్దున్నే పూర్తి చేస్తాను, ఆగిన చోటి నుంచే.