గండుపిల్లి ఊరికే ముక్కుతుంటే

పోయిన వేసవిలో ఒక రాత్రి, నాలుగేళ్ల మా గండుపిల్లి గంటలో ఏడెనిమిది సార్లు ఇసుక తొట్టెలోకి వెళ్లి, ముక్కి ముక్కి, ఏమీ లేకుండానే బయటికి రావడం చూశాను. మలబద్ధకమని నాకు నేనే తేల్చేసుకుని, అన్నంలో కాస్త నెయ్యి కలిపి పెట్టి పడుకున్నాను. అది ఆ అన్నం ముట్టలేదు. తెల్లవారేసరికి మంచం కింద ముడుచుకుని ఉంది. పొట్ట కింది భాగంలో నిమ్మకాయ కంటే పెద్దదైన గట్టి ఉండ చేతికి తగిలింది, తాకగానే అరిచింది. అది మలం కాదని, నిండిపోయిన మూత్రాశయమని పశువైద్యుడు చేయి వేయగానే చెప్పారు.

మగపిల్లి మూత్రనాళం చివరికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. మూత్రంలోని స్ఫటికాలు, జిగురు కలిసి అక్కడ బిరడాలా పడితే, లేదా వాపుతో ఆ దారి బిగుసుకుపోతే, చుక్క కూడా దిగదు. బయటికి పోవలసిన వ్యర్థాలు రక్తంలో పేరుకుంటాయి. పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆడపిల్లులకు నాళం పొట్టిగా, వెడల్పుగా ఉండడం వల్ల ఈ ముప్పు అరుదు. ఇంట్లో పొట్ట నొక్కి మూత్రం రప్పించాలని చూడకూడదు, మూత్రాశయం పగిలిపోయే ప్రమాదం ఉంది. మా పిల్లికి రక్తపరీక్ష చేసి, సెలైన్ ఎక్కించి, మత్తు ఇచ్చి, సన్నని గొట్టం వేసి అడ్డు తొలగించారు. మూడు రోజులు అక్కడే ఉంచవలసి వచ్చింది.

పిల్లి తన బాధను దాచుకునే జంతువు కాబట్టి, మూలుగు వినిపించే దాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఒక్కసారి వెంట్రుకల ఉండ కక్కితే నేనిప్పుడు కంగారుపడను. కానీ రోజంతా ఏమీ తినకపోతే ఫోన్ చేస్తాను, ఎందుకంటే కొద్ది రోజుల పస్తుకే, ముఖ్యంగా లావుపాటి పిల్లులలో, కాలేయానికి కొవ్వు పట్టేస్తుంది. నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి నిమిషానికి 30 లోపు ఉండాలి. అంతకు మించుతూ ఉన్నా, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా వెంటనే బయలుదేరవలసిందే. ఒళ్లు కాలుతోందని మన పారాసెటమాల్ మాత్ర ముక్క వేయడం మాత్రం ఎన్నడూ చేయరాదు: ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి చేరుతుంది, ఒక్క మాత్రే చంపగలదు.

ఈ జబ్బు తిరగబెట్టవచ్చని వైద్యుడు హెచ్చరించడంతో, పొడి గుళికలు తగ్గించి తడి ఆహారం పెంచాను. తిండి గిన్నెకు దూరంగా మూడు చోట్ల నీళ్లు పెట్టాను. రోజూ ఉదయం తొట్టెలో మూత్రం తగిలి గడ్డకట్టిన ఇసుక ఉండలు లెక్కపెడతాను, మామూలుగా రెండో మూడో ఉంటాయి. మొన్న ఒకరోజు ఒక్కటీ కనిపించకపోవడంతో, కాఫీ కూడా తాగకుండా బుట్టలో పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. వైద్యుడు పొట్ట తడిమి, మూత్రాశయం ఖాళీగానే ఉందని నవ్వారు. ఇంటికి వచ్చి వెతికితే, బాల్కనీలోని బంతి మొక్క కుండీలో మట్టి తవ్వి, కప్పెట్టి ఉంది.