ఒక్క గుక్కలో ఎంతవరకు

గిలన్ బారీ సిండ్రోమ్ అని డాక్టరు చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. ముందు నాకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ తరవాత అరికాళ్లలో తిమ్మిర్లు. నేను పాఠాలు చెప్పే బడిలో చెప్పు జారిపోయినా తెలియలేదు, మోకాళ్లు నిలవలేదు. పక్షవాతమేనని తేల్చేసిన పెదమావయ్య పసరు మందుకి ఆటో కూడా మాట్లాడాడు. ఆయన మాట వినుంటే ఈపాటికి నా ఫోటోకి దండ పడేది. నిష్ఠూరమైతే అవనివ్వండి.

వెన్నులో నీరు తీశారు, నరాల పరీక్ష చేశారు. నరాల మీది పొరని నా ఒంటి రక్షణ వ్యవస్థే తినేస్తోందట.

న్యూరాలజిస్టు, అంటే నరాల డాక్టరు, దాపరికం లేకుండా చెప్పాడు. "ఇది ఇంకా పెరుగుతుందమ్మా. రెండు వారాలు, ఒక్కోసారి నాలుగు. ఊపిరి దాకా వస్తే వెంటిలేటర్ పెడతాం. ఆ తరవాత పెరగడం ఆగుతుంది. ఆగాక తగ్గడానికి నెలలు పడుతుంది." తమ్ముడు బయటికెళ్లి ఏడ్చాడు. నాకు మాత్రం ధైర్యం మొదలైంది ఆ మాటలతోనే. చూడవచ్చిన ప్రతివాళ్లూ "ఏం కాదు, ఏం కాదు" అనేవాళ్లు. తలగడ మీంచి తల లేపలేని మనిషి ఆ మాటనెలా నమ్ముతుంది?

ఐసీయూలో గంటగంటకీ ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టించేవాళ్లు, చెడుగుడు కూతలాగా. 20 దాటకపోతే ఊపిరి కండరాలు అలిసిపోతున్నట్టు. ఓ రాత్రి 16 దగ్గర ఆగిపోయాను. తెర అవతల డ్యూటీ డాక్టరు మామూలు గొంతుతోనే అన్నాడు: "ఈవిడకి తెల్లారేలోగా ట్యూబు పడుద్ది, వాళ్లాయనతో డబ్బు కట్టించండి." జబ్బు నా నరాలకిగానీ చెవులకి కాదు కదా! ఆ కోపం ఇంకా పోలేదు. నర్సమ్మ మాత్రం స్టూలు జరుపుకుని కూర్చుంది. "లెక్కపెట్టండి టీచరమ్మా, నేనిక్కడే ఉంటా." పెట్టాను. 17. మళ్లీ 16. వెంటిలేటర్ ట్యూబు వేస్తే వేస్తారు, అదీ న్యూరాలజిస్టు ముందే చెప్పిన మజిలీయే, చావు కాదు అనుకున్నాను. ఆ రాత్రంతా దేవుడికంటే ఆ లెక్కనే ఎక్కువ నమ్ముకున్నాను. ట్యూబు పడలేదు.

ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు, కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాముల చొప్పున 5 రోజులు. గాజులు తాకట్టుకెళ్లాయి. ఆ మందు వేలమంది దాతల ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, కలిపితేనే తయారవుతుందట. ఎవరో ఏమిటో తెలియని ఆ చేతులన్నిటికీ నా దండం.

2025 జనవరిలో పుణెలో ఈ జబ్బు ఒక్కసారిగా పెరిగినప్పుడు తెలిసినవాళ్లంతా నాకు ఫోన్లు చేశారు. అందరికీ ఒకటే చెప్పాను. తిమ్మిరీ నీరసమూ కాళ్ల నుంచి పైకి పాకుతుంటే మాలీషులంటూ కూర్చోకండి, ఆ రోజే న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి పరిగెత్తండి. నాకిది విరేచనాలతోనే మొదలైంది కాబట్టి, కాచి చల్లార్చిన నీళ్లు తాగండి. రోగి దగ్గర నిజం దాచకండి.

ఇప్పుడు బడికి వెళ్తున్నాను. ఎడమ పాదం ఇంకా పూర్తిగా లేవదు, కొంత అలాగే మిగిలిపోవచ్చన్నారు. నేను నడిస్తే అలిపిరి మెట్లు ఎక్కిస్తానని అత్తయ్య మొక్కుకుంది, 3550 మెట్లు. ఫిజియోథెరపీ కుర్రాణ్ణి అడిగితే ముందు బడి మేడమెట్లు రెయిలింగు పట్టకుండా ఎక్కి చూపించమన్నాడు. ప్రస్తుతానికి పట్టుకునే ఎక్కుతున్నాను. మొక్కింది ఆవిడ కాబట్టి, ఆ రోజు బస్సెక్కుతానంటే ఒప్పుకోనని అత్తయ్యకి ఇప్పుడే చెప్పేశాను.