జాయింట్ పాలసీలో అమ్మ క్లెయిమ్ తెచ్చుకున్న కథ

మొన్న సోమవారం నాయన ఖాతాలో డబ్బు పడింది. కోపం చల్లారితే సగం మరిచిపోతానని ఇప్పుడే రాస్తున్నా.

మాది కడప. అమ్మ సంక్రాంతికి ముందు చనిపోయింది. అమ్మ, నాయన ఇద్దరి పేర్ల మీద కలిపి 3 లక్షల జాయింట్ లైఫ్ పాలసీ ఒకటి ఉంది. బాండు ఒకటే, బీమా ఇద్దరి ప్రాణాలకూ. ముందు ఎవరు పోయినా మిగిలిన మనిషికి 3 లక్షలు ఇస్తారు. ఆ రోజు నుంచి ప్రీమియం కట్టక్కర్లేదు, కానీ పాలసీ ఆగదు. గడువు తీరినప్పుడో, ఆలోపు రెండో మనిషి కూడా పోతేనో, ఇంకో 3 లక్షలు బోనస్‌తో కలిపి వస్తాయి.

మరణాన్ని 21 రోజుల్లోపే నమోదు చేయించాం కాబట్టి కార్పొరేషన్‌లో ధ్రువపత్రం ఇబ్బంది లేకుండా వచ్చింది. కాపీలు ఐదారు తీసుకోండి, బ్యాంకు నుంచి గ్యాస్ ఏజెన్సీ దాకా అందరూ అడుగుతారు. బ్యాంకు పాస్‌బుక్, ఆధార్, క్యాన్సిల్ చేసిన చెక్కు, ఒరిజినల్ బాండు అన్నీ చీరల షాపు కవర్లో పెట్టుకుని, నాయన్ను వెంటబెట్టుకుని బీమా ఆఫీసుకు పోయినా. కంపెనీ పేరు రాయను. పాలసీ అంటగట్టిన ఏజెంటు పేరూ రాయను, ఆయన ఫోన్ ఎత్తడం మానేసి చాలా ఏళ్లైంది.

కౌంటర్లో ఉన్న కుర్రాడు బాండు నంబరు కొట్టి, స్క్రీన్ చూసి, "పాలసీదారు బతికే ఉన్నాడు కదన్నా, క్లెయిమ్ ఎట్లొస్తాది?" అన్నాడు. మా అమ్మ చనిపోయిందని చెప్పినా. "ఆమె నామినీ. నామినీ పోతే నామినేషన్ మార్చుకోవాల. ఈ డబ్బు ఈయన పోయినాకే," అని ఒక ఫారం మా ముందుకు తోశాడు. బాండు మీద అతని బొటనవేలు సరిగ్గా అమ్మ పేరు మీదే ఉంది, రెండో వరుసలో. వేలు తీసి చదివితే చాలు.

నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన మనిషి, ఒకరితో మాట పడినవాడు కాదు. వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాయన కండువా కొసతో కళ్లద్దాలు తుడుచుకుని, "పోదాం పద నాయనా, నేను పోయినాక నువ్వే వద్దువులే," అన్నాడు. ఆ రోజు ఏడురోడ్ల దగ్గర టీ కూడా తాగకుండా ఇంటికొచ్చాం.

రాత్రి డల్లాస్‌లో ఉన్న మా బామ్మర్దికి ఫోన్ చేస్తే ఆయన కూడా కౌంటర్ కుర్రాడి వైపే. "బావా, అది సర్వైవర్‌షిప్ పాలసీ. ఇద్దరూ పోయినాకే ఇస్తారు." ఆయన చెప్పేది అమెరికా పాలసీ. అక్కడ మొగుడు పోతే ఆస్తి పెళ్లానికి చేరేటప్పుడు ఎస్టేట్ ట్యాక్స్, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్ను, పడకుండా 1981లో చట్టం తెచ్చారు. ఆ పన్ను భారమంతా రెండో మనిషి పోయినప్పుడు పిల్లల మీద పడుతుంది. దానికి డబ్బు సిద్ధంగా ఉండేందుకు రెండో మరణానికి మాత్రమే చెల్లించే పాలసీలు అక్కడ బాగా పెరిగాయి. మన దగ్గర అలాంటి పన్నును, ఎస్టేట్ డ్యూటీని, 1985లోనే ఎత్తేశారు. కోట్లున్న వాళ్ల అవసరాన్ని తెచ్చి ఆర్టీసీ పెన్షనరుకు చెబితే ఎట్లా?

నేను బాండు తిప్పి షరతులన్నీ చదివినా. ఇద్దరిలో ఎవరు ముందు మరణించినా అని స్పష్టంగా ఉంది. చెప్పుకోకూడదు గానీ, ఆ ఆఫీసులో ఆ పేజీ పూర్తిగా చదివింది నేనొక్కడినే అనుకుంటా. ఆ వాక్యం కింద గీత గీసి, లెటరు రాసి, ఈసారి కౌంటర్ దగ్గర ఆగకుండా మేనేజరు గదికే పోయినా. నోటిమాట వద్దే వద్దు, కాగితం ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆయన చదివి, తహసీల్దార్ దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నాడు. "బీమా ఉన్న రెండో మనిషి మీ ఎదురుగానే కూర్చున్నాడు, డబ్బు ఆయనకే అని బాండులోనే రాసుంది, వారసులతో పనేముంది?" అన్నా. జవాబు లేదు, సంతకం పెట్టాడు. విచారణ అక్కర్లేని డెత్ క్లెయిమ్‌ను 15 రోజుల్లో తేల్చాలన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనను కూడా లెటర్లోనే రాసినా. ఆ తర్వాత ఫైలు పరుగెత్తింది.

అన్ని జాయింట్ పాలసీలూ ఒకటి కావు. పోస్టల్ లైఫ్ ఇన్సూరెన్స్‌లో యుగళ్ సురక్ష అని దంపతులకు ఒకటుంది. అందులో ఒకరు పోతే మిగిలినవాళ్లకు బీమా మొత్తం బోనస్‌తో సహా ఇస్తారు. ఇద్దరి పేరా తీసుకునే పెన్షన్ ప్లాన్లలో, మనం కట్టిన అసలు మొత్తం తిరిగొచ్చే రకమైతే, ఆ అసలు రెండో మనిషి కూడా పోయాకే నామినీకి వస్తుంది. అంతవరకు మిగిలిన మనిషికి పెన్షన్ పూర్తిగానా సగమా అన్నది కొనేటప్పుడే తేలిపోతుంది. మీ బాండు ఏ రకమో ఈ రోజే తీసి చూడండి, ఏజెంటును అడక్కండి.

డబ్బు వచ్చింది కదా అని బాండు అక్కడే వదిలేయొద్దు. ప్రీమియం రద్దు, రెండో ప్రాణానికి బీమా కొనసాగుతుంది అని దాని మీద రాయించుకుని వెనక్కి తీసుకోవాలి. కొత్త నామినీని అప్పుడే పెట్టించాలి. నాయన మా అక్క పేరు పెట్టించాడు, నన్ను అడగలేదు. బ్యాంకులో ఆటో డెబిట్ కూడా ఆపించండి. అమ్మ పోయాక కూడా మా ప్రీమియం కట్ అవుతూనే వచ్చింది. అది వెనక్కి ఇమ్మని ఇంకో లెటరు ఇచ్చినా, స్టాంపు పడింది. నెలలోపు జవాబు రాకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాస్తా. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.