అరంగుళం అంటే ఎంత?

గీజర్ కింద గోడలో ఉన్న జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనప పైపు) చెమర్చడం మొదలై నెల దాటింది. ప్లంబరు మూడుసార్లు "ఇదిగో బయల్దేరానమ్మా" అన్నాడు, మూడుసార్లూ రాలేదు. నాలుగోసారి నేను ఫోన్ చేయలేదు. మెయిన్ వాల్వు కట్టేసి, గీజర్ కరెంటు తీసేసి, అందులో నీళ్లన్నీ వంపేసి, సుత్తీ ఉలీ నేనే పట్టుకున్నాను. నిన్న రాత్రి ఏడింటికి పని పూర్తయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఏ పైపు వేయాలన్నది భయపడినంత కష్టమేం కాదు. యూపీవీసీ, అంటే మామూలు తెల్ల ప్లాస్టిక్ పైపు, 60 డిగ్రీల లోపు నీళ్లకే, కాబట్టి గీజరు లైనుకి పనికిరాదు. రాగి పైపుకి మంటతో టంకం పెట్టాలి, గోడ పక్కన ఆ సాహసం నా వల్ల కాదు. పెక్స్ అనే మరో రకం ప్లాస్టిక్ పైపు చక్కగా వంగుతుంది గానీ దాని రింగులు నొక్కే పనిముట్టు విడిగా కొనాలి. మళ్లీ జీఐ వేస్తే మళ్లీ తుప్పు. కోసి తీసిన పాత ముక్కలోకి చూస్తే తుప్పు పేరుకుని పెన్సిల్ పట్టేంత సందు మిగిలింది, మేం తాగని నీళ్లు కాబట్టి సరిపోయింది. సీపీవీసీ, అంటే వేడినీళ్లకి వాడే ప్లాస్టిక్ పైపు, 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, హాక్సాతో కోసుకోవచ్చు. అదే ఖాయం చేశాను.

నా పరువు పోయింది కొలతల దగ్గర.

పాత పైపు బయట కొలిస్తే 21 మిల్లీమీటర్లు వచ్చింది. అంగుళానికి 25.4, ముప్పావుకి 19, అరకి 12.7. ముప్పావుకే దగ్గరగా ఉంది కదా అని ముప్పావు అంగుళం మేల్ అడాప్టర్ (బయట మరలుండే అతుకు ముక్క) తెచ్చాను. గోడలో మిగిలిన పాత ఎల్బోలోకి (పైపు మలుపు ముక్కలోకి) అది దూరనే లేదు, మూతి మీద మూతలా కూర్చుంది.

మళ్లీ షాపుకి వెళ్లాను. కౌంటర్లో ఆయన పాత ముక్కని వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పి, "ఇది అరంగుళం కదమ్మా, ముప్పావని ఎవరు చెప్పారు?" అన్నాడు.

"కొలిచానండీ."

పక్కనున్న ఇద్దరు మేస్త్రీలు కిసుక్కున నవ్వారు. "కొలిచారంట!" అన్నాడు ఒకడు రెండోవాడితో. "మీవారిని పంపండమ్మా, మీకెందుకీ తిప్పలు" అన్నాడు కౌంటరాయన. మావారికి పైపు రెంచికీ పట్టకారుకీ తేడా తెలియదని అక్కడ చెప్పలేక, ఇచ్చినవి తీసుకుని వచ్చేశాను. అరంగుళం సీపీవీసీ పైపు, అరంగుళం అడాప్టరు, అరంగుళం ఎల్బోలు నాలుగు.

ఇంటికొచ్చి ఎల్బోలో పైపు పెడితే గంటలో నాలుకలా ఊగింది! రెండింటి మీదా అరంగుళం అనే రాసుంది. పైపు మీగడ రంగు, ఎల్బో తెలుపు. కంపెనీ తేడా కాబోలనుకున్నాను. మెట్ల మీద కూర్చుని ఏడుపొక్కటే తక్కువ.

మూడోసారి వెర్నియర్ (మిల్లీమీటరులో పదోవంతు దాకా కొలిచే పనిముట్టు) పట్టుకుని వెళ్లాను. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఈసారి అక్కడున్న ఓ పెద్దాయన, మాసిన చొక్కా, చేతిలో రెంచి, "ఇలా ఇవ్వమ్మా" అని తీసుకుని విడమరిచి చెప్పాడు. ఇనప పైపుకి పేరు లోపలి బెజ్జాన్ని బట్టి పెట్టారట. తర్వాత మంచి ఇనుము వచ్చి గోడ పలచబడింది గానీ, పాత ఫిట్టింగులు పట్టాలి కాబట్టి బయటి కొలత మార్చలేదు, బెజ్జమే పెరిగింది. అందుకే ఇవాళ అరంగుళం జీఐకి బయట 21.3, లోపల దాదాపు 16. 12.7 ఎక్కడా లేదు! తెల్ల యూపీవీసీ ఆ ఇనప కొలతే పట్టుకుంది. ఇళ్లలో వేసే సీపీవీసీ మాత్రం రాగి గొట్టం కొలత పట్టింది. చెప్పిన సైజుకి ఎనిమిదో వంతు అంగుళం కలిపితే బయటి కొలత. అర ప్లస్ ఎనిమిదో వంతు, 15.9. వెర్నియర్ పెట్టి చూశాను, సరిగ్గా అంతే. తెల్ల ఎల్బో పెట్టిన చోట మీగడ రంగుది పెట్టాలి, అంతే తేడా. ఇంత చిన్న మాట కౌంటరాయనకి తెలియక కాదు, చెప్పబుద్ధి కాక.

కాబట్టి సైజు పేరు చెప్పి ఏదీ అడగొద్దు. ముక్క కోసి తీసుకెళ్లండి, ఫిట్టింగులో అక్కడే దూర్చి చూడండి. అడాప్టరు ఇత్తడి మరలున్నదే తీసుకోండి, ఉత్త ప్లాస్టిక్ మరల్ని ఇనప ఎల్బోలో బిగిస్తే దెబ్బతినొచ్చు. బిగించేటప్పుడు రెండు రెంచీలు కావాలి, ఒకటి గోడలో ఎల్బోని కదలకుండా పట్టడానికి. ఒక్కదానితో తిప్పితే గోడలోపల పాత లైనంతా తిరిగి ఇంకెక్కడో లీకవుతుంది.

అతికించడంలో ఒక్క తప్పు చేశాను. సీపీవీసీ సిమెంటు రాసి, పైపు దూర్చి, పావు చుట్టు తిప్పి వెంటనే వదిలేశాను. కళ్లముందే పైపు మెల్లగా గింజంత బయటికి జరిగింది. అది జిగురు కాదు, ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేసే ద్రావకం, పట్టేదాకా అర నిమిషం అదిమి పట్టాలి. ఆ జాయింటు కోసి పారేసి మళ్లీ చేశాను. గీజరుకి మాత్రం సీపీవీసీ నేరుగా తగిలించలేదు, మధ్యలో స్టీలు అల్లిక గొట్టం పెట్టాను.

సిమెంటు డబ్బా మీద రాసినంతసేపూ ఆగి వాల్వు తిప్పాను. జాయింటు జాయింటుకీ టిష్యూ కాగితం చుట్టి చూశాను. ఇనప ఎల్బో దగ్గర ఒక్క చోట తడి తగిలింది. విప్పి, టెఫ్లాన్ టేపు మర తిరిగే దిక్కునే ఇంకో నాలుగు చుట్లు వేశాక పొడిగా ఉంది. పొద్దున లేచి చూసినా పొడే.

తెల్ల ఎల్బోలు వాపసు ఇద్దామని పొద్దున షాపుకి వెళ్లాను. మూడు తీసుకున్నాడు, నాలుగోదానికి గీత పడిందన్నాడు. అది ఇప్పుడు గీజర్ మీద కూర్చుంది.