పదో క్లాసు, జాషువా, పద్యం సార్

సంచిక కమిటీ వాళ్ళు గ్రూపులో రోజూ అడుగుతున్నారు, మనం చదివిన మద్రాసు బడి గురించి రెండేసి పేజీలు రాసి పంపమని. పరోటా కొట్టు గురించి బోండా రాస్తానన్నాడు. గంట తాత గురించి రాసే హక్కు కిటికీ బెంచి వాళ్ళు ముందే తీసేసుకున్నారు. గిండీ పార్కులో మొసలి సంగతి రాయడానికి ఎలాగూ పోటీ ఉంది. నేను మన తెలుగు మాస్టారు, పద్యం సార్ గురించి రాస్తాను. ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చదివామో అడిగితే నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. పదో క్లాసులో కవి గుర్రం జాషువా పాఠం మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా గుర్తుంది.

అసలది ఒక్క పీరియడ్‌లో అయిపోవాల్సిన పాఠం. కవి పరిచయం బట్టీ పడితే రెండు మార్కులు. 1895 సెప్టెంబరు 28, వినుకొండ, తల్లి లింగమ్మ, తండ్రి వీరయ్య, ఆ తర్వాత బిరుదులు. సార్ పుస్తకం మూసి, "ఈయన మన ఊళ్ళో ఉద్యోగం చేశాడర్రా" అన్నారు. 1957 నుంచి 1959 దాకా జాషువా మద్రాసు రేడియోలో పనిచేశారు. సార్‌కి అప్పుడు పెళ్ళి కూడా కాలేదట. ఒక సభలో జాషువా పద్యం చదువుతుంటే వెనక నిలబడి విన్నారట. అంతే, ఇక పోర్షన్ లేదు, క్వార్టర్లీ లేదు.

రాజమండ్రిలో మూకీ సినిమాలకు జాషువా కథ, మాటలు చదివేవారని చెప్పిన రోజు చివరి బెంచి మొత్తం ముందుకొచ్చి కూర్చుంది. సినిమా స్టూడియోల పక్కన పెరిగిన మన కోడంబాకం బ్యాచ్ అయితే బాత్రూముకి కూడా వెళ్ళలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కాళిదాసు మేఘసందేశం చదువుకోవడం, గుంటూరులో తెలుగు పండితుడిగా చేయడం, పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ సంఘం వాళ్ళు దూరం పెట్టడం, కులం పేరు చెప్పి సభల్లో అవమానించడం, అన్నీ సార్ నోట కథలుగా విన్నాం. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారంతటి పెద్దాయన తన చేత్తో జాషువా కాలికి గండపెండేరం తొడిగారని చెప్పేటప్పుడు సార్ గొంతు పూడుకుపోయింది.

తర్వాత సంచీలోంచి జాషువా రాసిన గబ్బిలం పుస్తకం తీశారు. 1985లో తగలబడిపోయిన మన మూర్ మార్కెట్‌లో ఎప్పుడో కొన్న పాత ప్రతి. మేఘసందేశంలో యక్షుడు మేఘంతో కబురు పంపితే, 1941లో వచ్చిన ఈ కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురు పంపుతాడు. గబ్బిలానికి గుడిలో అడ్డు లేదు. నువ్వు వేలాడే చోటికి శివుడి చెవి దగ్గరగా ఉంటుంది, పూజారి లేనప్పుడు నా బతుకు సంగతి చెప్పమంటాడు. ఆ మనిషి అరుంధతీయుడు, మా కులంవాడు. పులియాంతోపు నుంచి వచ్చే మేం నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మా నాన్న కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య కార్మికుడని మీ అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. సార్ మా వైపు జాలిగా చూస్తారేమోనని నాకు ఒకటే టెన్షన్.

ఆయన చూడలేదు. నన్ను బోర్డు దగ్గరికి పిలిచి సుద్దముక్క ఇచ్చి, "నా కవితావధూటి" పద్యం మొదటి పాదానికి గణాలు వెయ్యమన్నారు. భ ర న భ భ ర వ. ఉత్పలమాల. యతి ఎక్కడ? మొదటి అక్షరం "నా"కి పదో అక్షరం "నం". సరిపోయింది. మిగతా మూడు పాదాలూ నాతోనే వేయించి, అప్పుడు చెప్పారు అర్థం. నా కవిత్వం చూసి భళీ భళీ అన్నవాడే నీదే కులమని అడిగి చివాల్న లేచిపోతే బాకుతో పొడిచినట్టుంటుంది, చెప్పుకోవడానికి సిగ్గు అంటాడు కవి. "పొడిచినట్టుందని చెబుతూ కూడా ఎక్కడైనా గణం తప్పాడేమో వెతకండి" అన్నారు సార్. నలభై మందిమి వెతికాం. తప్పలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఇదంతా చెప్పాను. నాన్నకి చదువు రాదు. నెల్లూరు వైపు ఊళ్ళో హరిశ్చంద్ర నాటకాలు చూసి పద్యాలు నేర్చుకున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ "ఇచ్చోటనే" పద్యం ఎత్తుకునేవాడు. మర్నాడు సార్‌కి ఆ మాట చెబితే, ఆయన కాసేపు నన్నే చూసి, అది జాషువా పద్యమే అన్నారు. శ్మశానవాటి ఖండికలోని పద్యాలను నటులు కాటి సీనులో కలిపేసుకుని ఊరూరా పాడారట. మేం పుస్తకంలో ఇప్పుడు చదువుతున్న కవిని మా నాన్న నా కంటే ముందు నుంచే పాడుతున్నాడు.

ఇక వార్షికోత్సవం సంగతి మీకు నేను చెప్పాలా? శుభమా అని ఫంక్షన్ చేసుకుంటుంటే కాటి పద్యమేమిటని స్టాఫ్ రూములో గొడవైంది. సార్ పట్టు వదల్లేదు. తనే పులియాంతోపు వచ్చి, "ఏమండీ, మీరు ఒక్క పద్యం పాడాలి" అని అడిగారు. మా నాన్నని "మీరు" అని పిలిచిన మొదటి పెద్దమనిషి ఆయనే. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేజీ ఎక్కి, హార్మోనియం శ్రుతి కుదిరేదాకా ఆగి, రాగం తీశాడు. సత్కవి కలం నిప్పుల్లో కరిగిపోయిన చోటు దగ్గరికొచ్చేసరికి హాలంతా నిశ్శబ్దం. వన్స్ మోర్ అని మొదట అరిచింది ఎవరో నాకు తెలుసు. ఒరేయ్ పొట్టి రింగూ, ఆ ఒక్క అరుపుకి నీకు జన్మంతా రుణపడి ఉంటాను.

ఆ తర్వాత పరీక్షలు, ఫేర్‌వెల్, అన్నీ మసక. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ సీటొచ్చింది. మురుగునీటి పనుల్లోనే ఇంజనీరునయ్యాను, అడిగి మరీ వేయించుకున్నాను. మురుగు కాలువల్లోకి మనుషుల్ని ప్రమాదకరంగా దించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. ఆ పనికి యంత్రాలు కొన్న ఫైళ్ళలో కొన్నింటి మీద నా సంతకం ఉంది. నాన్న మొదటి యంత్రం పనిచేయడం దగ్గర నిలబడి చూశాడు. ఎస్సీలకున్న 18 శాతం రిజర్వేషన్‌లో అరుంధతీయులకు 3 శాతం ఇస్తూ తమిళనాడు 2009లో చట్టం చేసింది. మా తమ్ముడి కూతురు ఆ కోటాలో సీటు తెచ్చుకుని డాక్టరైంది. దానికి తెలుగు చదవడం రాదు, కానీ తాత పద్యం పాడుతుంది.

జాషువాకి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే గుంటూరులో పోయారు. ఆయన కూతురు హేమలత లవణం జోగినీ దురాచారం మీద ఏళ్ళ తరబడి పోరాడారు. ఇవి సార్ చెప్పలేదు, తర్వాత నేనే వెతుక్కుని చదివాను.

కమిటీ వాళ్ళకి ఒక మాట. 2006లో తమిళం తప్పనిసరి చేసినప్పటి నుంచి మన బడిలో తెలుగు పిల్లలు బాగా తగ్గారని విన్నాను. ఉన్నవాళ్ళకే ప్రతి సెప్టెంబరు 28న, జాషువా పుట్టినరోజున, పద్యాల పోటీ పెడదాం. సార్ పేరు మీద బహుమతి డబ్బు నేనిస్తాను. పుస్తకం చూసి చదివినా, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర విని నేర్చుకున్నా ఫరవాలేదు. పెద్దవాళ్ళు వచ్చి పాడతామంటే వాళ్ళకీ వేరే బహుమతి ఉండాలి. హార్మోనియం మన స్టోర్ రూములో ఇంకా ఉందో లేదో ఎవరైనా కనుక్కుని గ్రూపులో పెట్టండి.