మర తిరిగితే లక్ష్మి వస్తుంది

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటికి ఆదివారం తెలుగు పత్రిక సరిహద్దు దాటి వస్తుంది. అందులోని గళ్ళ నుడికట్టు మధ్యాహ్న భోజనంలోపే పూర్తయిపోతుంది కాబట్టి, మిగిలిన వారమంతా పిన్ని, నేను ఒకరికొకరు ఆధారాలు రాసి ఇచ్చుకోవడం కొన్నేళ్ళుగా అలవాటైంది. పోయిన వారం ఆమె ఒక పాత కవరు వెనుక రాసి ఇచ్చిన ఆధారం ఇది: "మర తిరిగితే లక్ష్మి వస్తుంది (2)".

బియ్యం మర ఆడితే యజమానికి డబ్బు వస్తుందన్నది అందరికీ తెలిసిన విషయమే కనుక, రెండక్షరాల లక్ష్మి ఎవరా అని ఆలోచించి, క్షణంలో "సిరి" అని రాసి కవరు తిరిగి ఇచ్చాను. పిన్ని కళ్ళజోడు సవరించుకుని, "సరేరా, లక్ష్మి దొరికింది, మరి మర ఏమైంది?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. "మర" అన్న మాటనే వెనుక నుంచి చదివితే "రమ" అవుతుందని, రమ అంటే లక్ష్మి అని, "తిరిగితే" అన్నది యంత్రాన్ని గురించి కాక అక్షరాలను గురించి చెప్పిన మాట అని గ్రహించేసరికి కాఫీ చల్లారిపోయింది.

ఆధారాన్ని విప్పడానికీ, విప్పి చెప్పడానికీ ఉన్న తేడా నాకు ఆ "సిరి" వల్లనే స్పష్టమైంది. ఊహ తగిలి జవాబు రావడం తరచుగా జరుగుతుంది, కాని ఆధారంలోని ప్రతి మాటకూ లెక్క చెప్పలేనప్పుడు ఆ జవాబు ఇంకా మనది కాదు. ఇటువంటి గూఢమైన గళ్ళు 1920ల ఇంగ్లండులో పెరిగాయి. అక్కడ జిమెనీజ్ అన్న మారుపేరుతో గళ్ళు కూర్చిన మెక్‌నట్ 1966లో తన పుస్తకం ప్రచురించిన తరువాత బాగా స్థిరపడిన కట్టుబాటు ఏమిటంటే, ఆధారంలో జవాబుకు సరైన అర్థం ఒకటి ఉండాలి, అదే జవాబును మరో దారిన చేర్చే మాటల ఆట ఒకటి ఉండాలి, ఈ రెండూ తప్ప మరేమీ ఉండకూడదు. ఆ పేరేదీ వినని పిన్ని కూడా అడిగేది సరిగ్గా ఇదే.

అయితే ఇంగ్లీషులో ఆట ఒక్కొక్క లిపిగుర్తుతో సాగుతుంది, మనకు ఒక్కొక్క గడిలో నిండుగా ఒక అక్షరం కూర్చుంటుంది. ఒత్తు, సున్న, గుణింతం అన్నీ ఆ అక్షరంతో పాటే కదులుతాయి. కొత్తగా మొదలుపెట్టిన మా తమ్ముడి కూతురికి నేను ఇది చెప్పడానికి తీసుకున్న మాట "వానరం". "కోతికి తోక తెగితే కురిసేది (2)" అంటే చివరి "రం" పోయి "వాన" మిగులుతుంది. అదే కోతికి తల తీస్తే "నరం" మిగులుతుంది. "కలప తిరగేస్తే అక్షరాలు దిద్దవచ్చు (3)" అన్నప్పుడు క, ల, ప అన్న మూడూ వెనుకకు నడిచి "పలక" అవుతాయి. "ఎటు తిరిగి పడుకున్నా మారని చిన్న నిద్ర (3)" అన్న ఆధారానికి ఆ పిల్ల "కునుకు" అని అరిచి చెప్పి, ఆ తరువాత తనంతట తానే వేలు పెట్టి అటూ ఇటూ చదివి చూసుకుంది. ఆ వేలు పెట్టి చూసుకోవడమే నాకు కావలసిన వివరణ. మాటలను అతికించే పద్ధతికి మాత్రం నాకు ఇష్టమైన ఉదాహరణ "ప్రజల ధాన్యం ఇంటికి వచ్చే నెల (4)". జన, వరి కలిస్తే జనవరి, సంక్రాంతి కూడా ఆ నెలలోనే.

తెలుగు కూర్పరికి ఇంగ్లీషు వారికి లేని మరొక సౌకర్యం ఉంది. మన గుణింతపు గుర్తుల పేర్లలో కొన్ని వాడుకలో వేరే వస్తువుల పేర్లు కూడా. గుడి అంటే దేవాలయమూ అవుతుంది, ఇకారపు గుర్తూ అవుతుంది. తలకట్టు అంటే తలపాగా అనుకునేవారు అనుకోవచ్చు. "పల్లి మొదట్లో గుడి కడితే పాలు తాగిపోయింది (2)" అన్న నా ఆధారాన్ని చూసి గ్రామదేవతకు పెట్టిన నైవేద్యాన్ని తలచుకునేవారు ఎక్కువ, కాని "ప" మీద గుడి పెట్టినప్పుడు వచ్చేది పిల్లి. ఇది కొత్తగా పుట్టిన కొంటెతనమేమీ కాదు. పాత సంస్కృత గద్యకావ్యం కాదంబరిలో బాణభట్టు శూద్రక మహారాజు కాలక్షేపాలను చెబుతూ ప్రహేళికలతో పాటు అక్షరచ్యుతకాన్ని, మాత్రాచ్యుతకాన్ని పేర్కొన్నాడు. అక్షరం జారిపోతే ఒక ఆట, మాత్ర, అంటే గుణింతపు గుర్తు, జారిపోతే మరొక ఆట.

పశువుల కొమ్ములతో కొంగలను, దువ్వెనలను, దేవుడి బొమ్మలను చెక్కే పనికి మా ఊరు పేరుపడింది కాబట్టి, పిన్ని ఒకసారి "గడికి పర్లాకిమిడి పనితనం అబ్బితే దేవుడు కొలువుంటాడు (2)" అని రాసింది. గడికి కొమ్ము పెడితే గుడి. నాకు నవ్వు వచ్చినా, ఇది మా ఊరు దాటితే చెల్లదని వాదించాను, ఎందుకంటే అనంతపురంలో కూర్చున్న పాఠకుడికి పర్లాకిమిడికీ కొమ్ముకూ ఉన్న సంబంధం తట్టదు. "తెలియకపోతే తెలుసుకుంటాడు" అన్నది ఆమె. ఈ ఒక్క విషయంలో ఆమెది అన్యాయమనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. "పెద్ద ఇంద్రుడి కూతురు మా ఊరి పక్కన పారుతోంది (6)" అన్నది కూడా స్థానికమే, కాని అందులో మహేంద్ర, తనయ అన్న రెండు మాటల అర్థాలూ ఆధారంలోనే ఉన్నాయి కనుక, ఆ నదిని చూడనివారు కూడా మహేంద్రతనయను చేరుకోగలరు.

అసలు చిక్కు ఒడియాతో వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకున్నవారికి ఒకే శబ్దం రెండు భాషలలోనూ వినిపిస్తుంది. ఒడియా మాటలు మన మాటలలాగానే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, అవి తెలుగు గడులలో ఇబ్బంది లేకుండా కూర్చుంటాయి. "ఒడియావాడి దాహం తీర్చేది మన చేతిలోనే ఉంది (2)" అంటే పాణి. అక్కడ అది నీళ్ళు, మనకు అది చెయ్యి. ఇది ఇక్కడ న్యాయంగానే ఉంది, కాని సిరొంచ వైపు మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న తెలుగువారికి ఒడియా బదులు మరాఠీ అని మార్చి ఇస్తే, అక్కడ "పాణీ" దీర్ఘంతో ఉంటుంది కాబట్టి వారు ఒప్పుకోరు.

ఆ ఉత్సాహంలో నేను "ఒడియావారికి అడుగున, మనకు అన్నిటికన్న పైన (2)" అని రాసి, జవాబు "తల" అని గర్వంగా చెప్పాను. పిన్ని రెండోసారి చూడకుండానే కొట్టేసింది. అడుగు అన్న అర్థంలో ఒడియా మాట "తళ", అందులో ఉన్నది ళకారం. చెవికి దగ్గరగా వినిపించినంత మాత్రాన గడిలో కూర్చోబెట్టడం తప్పు, అందులోనూ రెండు భాషలకూ ల, ళ అన్న భేదం ఉన్నప్పుడు. పదేళ్ళు ఒడియా బడిలో చదివి ఆ పొరపాటు చేసినందుకు నాకు సిగ్గు వేసింది.

దానికి బదులుగా ఆమె ఇచ్చిన ఆధారం "ఒడియా స్నేహితుడు పదమంటే ఎక్కువైంది (2)". ఒడియాలో పోదాం పద అనడానికి "చాల" అంటారు. మన భాషలో ఎక్కువ అన్న అర్థానికి నేను రాసేది "చాలా", కనుక చివరి గడిలో దీర్ఘం ఉండాలని పట్టుబట్టాను. "చాల" పాత పుస్తకాలలో ఉన్న రూపమేనని ఆమె నిఘంటువు తెరిచింది. ఈ ఊళ్ళోనే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, మాట్లాడే తెలుగునే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు నా పక్షాన ఉండేవారని నేను అన్నాను. గిడుగు గారిని గళ్ళలోకి లాగవద్దని, నిలువు ఆధారం వచ్చేదాకా ఆ అక్షరాన్ని పెన్సిలుతో ఉంచమని ఆమె చెప్పింది. సాయంత్రం ఆమె రాసి ఇచ్చిన నిలువు ఆధారం "పందిరిని పట్టుకుని పాకేది (2)". లత అని పూరించి, పెన్సిలుతో రాసిన "ల" మీద కలంతో దిద్దాను.